రెండు తెల్ల మచ్చలు

గురువారం ఉదయం ఆ పక్షి ఎగిరి వచ్చేసరికి బ్రయనీ వాళ్ల అమ్మమ్మ డోరీన్ కిటికీకి వీపు పెట్టి ఫ్లాస్కులోంచి టీ వంచుతోంది.

రెల్లు మడుగు ఒడ్డున ఉన్న ఆ చెక్క గుడిసెలో ఇంకెవరూ లేరు. పక్షి నీటిపాయ మీదుగా నేరుగా గుడిసె వైపే వచ్చి, చివరి క్షణంలో పక్కకు తిరిగి, రెల్లులోకి దిగిపోయింది.

"అమ్మమ్మా," అంది బ్రయనీ. ఆ పిలుపు ఆమె పెదవులు దాటేసరికే సగం అరిగిపోయింది.

"ఏంటే?"

"నారాయణ పక్షి. కానీ కొంగ బూడిదరంగు కాదు, ఎర్రగా ఉంది."

డోరీన్ తిరిగి చూసేటప్పటికి రెల్లు తప్ప ఏమీ లేదు. టీ సగం ఆమె బూటు మీదే పోయింది. "అయ్యో నా రాత! వెంటనే రాసుకో. బొమ్మ వెయ్యి. పుస్తకం మాత్రం ముట్టుకోకు!"

సెడ్జ్‌వెల్ అతిథిగృహానికి ఏటా మే నెలలో పక్షులు చూడడానికి వచ్చే ఆ ఏడుగురిదీ ఒకటే నియమం. సాయంత్రం ఆరింటికి, భోజనానికి ముందు, పెద్దాయన లడ్కిన్ జాబితా చదువుతాడు. ఒక్కో పేరుకూ చూసినవాళ్లు చెయ్యెత్తుతారు. ఒక్కరే చూసిన అరుదైన పక్షి అయితే, వాళ్లు అక్కడికక్కడే, పక్షుల పుస్తకం తెరవకముందే రాసుకున్నది చదివి వినిపించాలి. అడిగినవాటికి జవాబు చెప్పాలి. అందరూ ఒప్పుకుంటేనే అది జాబితాలోకి ఎక్కుతుంది. పుస్తకం చూశాక రాసింది సాక్ష్యం కాదు, కాపీ.

బ్రయనీకి పదిహేనేళ్లు. మనుషుల ముందు నోరు పెగలదు కానీ, ఆమె నోటుపుస్తకం మాత్రం రోజూ నాలుగు పేజీలు మాట్లాడుతుంది. పోయిన ఏడాది అదే గుడిసెలో ధైర్యం చేసి "అదుగో తెల్ల బకం!" అని కేక వేసింది. ఏడుగురూ ముప్పావుగంట చూశారు. గాలి వీచాక అది ఎరువు సంచి అని తేలింది. అప్పటినుంచి ఆమె ఏ పక్షినీ పైకి పిలవలేదు. ఇప్పుడు ఈ పక్షిని వదులుకుంటే ఇక జన్మలో పిలవలేనని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం జాబితా నారాయణ పక్షి దగ్గరకు వచ్చింది. అందరూ చేతులెత్తారు.

"ఇంకో రకం కూడా ఉంది," అంది డోరీన్. "మా మనవరాలు చదువుతుంది."

"ఎరువు సంచుల్లో కొత్త రకం వచ్చిందా?" అన్నాడు రోలండ్ పాస్క్. నలుగురు నవ్వారు. పాస్క్ నలభై ఏళ్లుగా పక్షుల వెంట తిరుగుతున్న మనిషి. అతను ఔనంటే ఔను, కాదంటే కాదు.

బ్రయనీ లేచి నిలబడింది. చెవులు కాలిపోతున్నాయి. కళ్లు కాగితం మీదనుంచి తీయకుండా చదివింది. "ఎనిమిదీ పది. ఎండ నా వెనక. నేరుగా నా వైపే వచ్చి పక్కకు తిరిగింది. మామూలు దానికంటే సన్నం. మెడ ఇటుకరంగు, పక్కన నల్లచార. ఎగిరేటప్పుడు మెడ మడత కిందికి బాగా వేలాడింది. కాళ్లవేళ్లు చాలా పెద్దవి, వెనక్కి చీపురుపుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి."

లడ్కిన్ కళ్లద్దాలు తీశాడు. "ఎర్ర నారాయణ పక్షి అంటావా? ఈ మడుగులో ఇరవై ఏళ్లుగా ఎవరూ చూడలేదు."

"నేను అదే సమయానికి గట్టు మీద ఉన్నాను," అన్నాడు పాస్క్. "నాకూ ఒకటి ఎగురుతూ కనిపించింది. బూడిదరంగుదే. పొద్దుటి ఎండకు ఏదైనా ఎర్రగానే కనిపిస్తుంది అమ్మాయ్."

"ఎండ తన వెనక ఉందని చెప్పింది కదయ్యా," అంది డోరీన్. "నీ చెవులు కూడా గట్టు మీదే వదిలేశావా?"

"నువ్వు చూశావా డోరీన్?"

"నేను టీ పోస్తున్నా."

"నలభై ఏళ్లు టీ పోస్తూనే ఉన్నావు," అన్నాడు పాస్క్. తర్వాత బ్రయనీ వైపు తిరిగాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది, చిన్నపిల్లకు చెయ్యి అందించినట్టు. "సరేనమ్మా, ఒక్కటే అడుగుతా. నీకు ఎదురుగా వచ్చిందన్నావు. అప్పుడు రెక్కల ముందంచున చెరో తెల్ల మచ్చ, మొత్తం రెండు, దీపాల్లా మెరిసి ఉంటాయి. చూశావు కదూ?"

మచ్చల గురించి బ్రయనీ ఏమీ రాసుకోలేదు. పుస్తకం తెరవలేదు కాబట్టి ఏది ఉండాలో, ఏది ఉండకూడదో తెలియదు. పాస్క్ మాత్రం తల చిన్నగా ఊపుతూ, "ఔను అను, గట్టెక్కుతావు" అన్నట్టు చూస్తున్నాడు. అంత పెద్దమనిషి ఉంటాయన్నాక, లేవంటే చూపు సరిగా ఆనలేదనే కదా అర్థం? డోరీన్‌కు జవాబు తెలుసు. చెప్పకూడదు.

బ్రయనీ కళ్లు మూసుకుంది. పక్షి మళ్లీ నీటిపాయ మీదుగా వచ్చింది. ఒక రెక్క, రెండో రెక్క. ముందంచు పొడుగునా చూసుకుంది.

"లేవు," అంది.

"ఏమిటి?"

"తెల్ల మచ్చలు లేవండీ." ఈసారి మాట అరగలేదు. "మీరు ఉంటాయంటున్నారు. ఉండాలేమో, నాకు తెలియదు. కానీ ఆ పక్షికి లేవు. ముందంచు కూడా మట్టిరంగే. మీరు కాదన్నా నేను చూసింది అదే."

పాస్క్ కుర్చీ వెనక్కి తోసి లేచి, కుడిచెయ్యి పైకెత్తాడు.

"మామూలుదానికి ఉంటాయి," అన్నాడు. "ఎర్రదానికి ఉండవు. లేని పక్షిని కల్పించేవాళ్లు ఎప్పుడూ ఔననే అంటారు. ఈ ప్రశ్న వేసి నేను ముగ్గురు డాక్టర్లనీ ఒక పాదిరీనీ పట్టుకున్నా. ఈ పిల్ల నన్ను పట్టుకుంది. నేను చూసింది వేరే పక్షి. రాయవయ్యా లడ్కిన్!"

ఒకటొకటిగా చేతులన్నీ లేచాయి. డోరీన్ రెండు చేతులూ ఎత్తింది.

"ఒక్కటి చాలు డోరీన్."

"రెండోది నీ మొహాన కొట్టడానికి."

ఆ పూట సూప్ ఎవరూ తాగలేదు. అక్కడ మే నెలలో పొద్దు ఆలస్యంగా వాలుతుంది, వెలుగు ఇంకా రెండు గంటల పైనే ఉంటుంది. ఏడుగురూ కోట్లు సగం తొడుక్కుని గట్టు మీదికి పరుగెత్తారు. మోకాళ్ల నొప్పుల లడ్కిన్ అందరికంటే ముందున్నాడు. ఎనిమిది కావస్తుండగా రెల్లు కదిలింది. పొడుగాటి ఇటుకరంగు మెడ ఒకటి నిటారుగా లేచింది. తర్వాత పక్షి మొత్తం లేచి, విచ్చుకున్న వేళ్లతో, వాలే ఎండలో వాళ్ల తలల మీదుగా తీరిగ్గా ఒక చుట్టు తిరిగింది. పాస్క్ దుర్భిణి దించేసి నోరు తెరిచి ఉత్త కళ్లతోనే చూశాడు.

పక్షి సంగతి గాలికంటే ముందు పాకింది. శుక్రవారం పొద్దున్నకి గట్టు మీద నలభై మంది, వరసగా నలభై టెలిస్కోపులు. రాత్రంతా కారు నడుపుకుంటూ లీడ్స్ నుంచి వచ్చిన గడ్డం మనిషి ఒకడు పక్షిని కడుపునిండా చూసుకుని, తల తిప్పి అడిగాడు. "దీన్ని ముందు కనిపెట్టిందెవరు?"

డోరీన్ నోరు తెరిచింది. పాస్క్ ఆమెను మోచేత్తో పొడిచాడు.

"నేను," అంది బ్రయనీ.

"ఎవరూ? వినపడలేదు."

"నేనే!" గట్టు ఈ చివరినుంచి ఆ చివరికి నలభై తలలు తిరిగాయి. "బ్రయనీ క్యాచ్‌పోల్. నిన్న పొద్దున, ఎనిమిదీ పదికి, ఆ గుడిసెలోంచి!"

గడ్డం మనిషి టోపీ తీసి వచ్చి ఆమెతో చేయి కలిపాడు. అతని వెనక ఇంకొకరు, వారి వెనక మరొకరు నిలబడ్డారు. కుడిచెయ్యి నొప్పెడుతున్నా బ్రయనీ దాన్ని దించలేదు. వరసలో తర్వాతి మనిషి కోసం తనే ఒక అడుగు ముందుకు వేసింది.