నీడలో ఎండాల్సిన ఆకు

ఆ రోజు ఇంట్లో ఉన్నది తాతయ్య, అమ్మ, అక్క, నేను. పశువుల డాక్టరుగారు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయారు. కొట్టంలో దొరసాని ఒక్కతే ఉంది. వారం కిందటైతే దానితో కలిపి పదకొండు గొర్రెలుండేవి.

దొరసాని అని పేరు పెట్టింది నేనే. మిగతావన్నీ తొట్టి దగ్గర తోసుకుంటుంటే అది పక్కన నిలబడి, అన్నీ తప్పుకున్నాక వచ్చేది. "మీ ఇద్దరిదీ ఒకటే తంతు. నలుగురిలో నోరు పెగలదు" అని తాతయ్య నన్ను ఏడిపించేవాడు.

అక్క టౌనులో మేత పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఆకులో వగరు ఎంత ఉందో కొలుస్తుంది. దాన్ని వాళ్ళు టానిన్ అంటారు. కొంచెం ఉంటే పరవాలేదు. ఎక్కువైతే గొర్రెకి కడుపు కట్టేస్తుంది, కిడ్నీలు పాడవుతాయి. ఆకు పొడిని నానబెట్టి, ఆ నీళ్ళలో మందు చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే వగరు అంత ఎక్కువ. తాతయ్యకి ఇదంతా ఎంత గొప్పో. టీ కొట్టు దగ్గర ఎవరైనా "మీ పెద్ద మనవరాలు ఏం చేస్తుంది" అంటే, "ఆకు చేత మాట్లాడిస్తుంది" అనేవాడు.

ఈ ఏడు గడ్డి సరిగ్గా రాలేదు. గుట్ట మీద పొదలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆ ఆకు పెట్టొచ్చా అని తాతయ్య అడిగితే, అక్క ఫోనులో నాకు పని చెప్పింది. "ఆకు కోసి కాగితం మీద పరిచి నీడలో ఆరబెట్టు. ఎండలో వద్దు. పొయ్యి దగ్గరకి అసలు తీసుకెళ్ళకు. ఆదివారం వచ్చి పట్టుకెళ్తా."

గడ్డికి రాని వాన, నేను ఆకు ఆరబెట్టాక వచ్చింది. మూడు రోజులు ముసురు. శనివారం సాయంత్రానికి కూడా ఆకు మెత్తగానే ఉంది, బూజు వాసన మొదలైంది. అలాంటిది అక్క చేతికి ఇవ్వడానికి మనసొప్పలేదు. నిప్పుల మీద రేకు పెట్టి ఆకు పరిచాను. అరగంటలో గలగలలాడింది.

మర్నాడు అక్క సంచి ఊపి చూసి, "అబ్బో, నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉన్నావే" అని నవ్వింది. డైరీలో 'అక్క మెచ్చుకుంది' అని రాసుకున్నాను.

పరీక్షలో రంగు లేతగా వచ్చింది. "పెట్టొచ్చు తాతయ్యా" అంది అక్క. తాతయ్య రోజూ గుట్ట మీంచి మోపులు మోశాడు. పదో రోజుకి గొర్రెలు మేత ముట్టడం మానేశాయి. తర్వాత ఒక్కొక్కటే పడిపోయాయి.

కబురు తెలిసి అక్క వచ్చింది. ఆ పొద్దున డాక్టరుగారు వెళ్తూ, "వగరు దెబ్బే. నీ కొలతలో ఎక్కడో పొరపాటు జరిగిందమ్మాయ్" అన్నారు. మెల్లగానే అన్నారు కానీ తాతయ్య విన్నాడు. కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అక్క వెనకే వెళ్ళి పిలిస్తే, "నీ మాట నమ్మే పెట్టానమ్మా" అని లోపల్నుంచే అన్నాడు. తిట్టినా బాగుండేది.

అక్క నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. ఒకే లెక్క నాలుగుసార్లు చేసింది. అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"కాసేపు వదిలెయ్యవే" అంది అమ్మ.

"తప్పెక్కడుందో దొరకొద్దా అమ్మా? దొరక్కుండా రేపు ఇంకొకళ్ళ మందకి ఏం మొహం పెట్టుకుని చెప్పను? ఈ పని నాకొద్దని ల్యాబులో చెప్పేస్తా."

అమ్మ లోపలికి వెళ్ళేదాకా నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"అక్కా, ఆ ఆకు నీడలో ఎండలేదు."

పెన్ను ఆగింది. "మరి?"

"పొయ్యి మీద."

"ఎంతసేపు?"

"అరగంట."

అక్క నోటుబుక్కు మూసింది. నన్ను కొట్టలేదు. ల్యాబులో కొత్తవాళ్ళకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "వేడి తగిలితే వగరు ఆకులోనే బిగుసుకుపోతుంది. నీళ్ళలోకి దిగదు, రంగు రాదు. తాతయ్య కోసి పెట్టింది పచ్చాకు. అందులో మొత్తం ఉంది." అప్పుడు గొంతు మారింది. "తడిగా ఉందని ఒక్క మాట చెప్తే ఇంకో వారం ఆగేవాళ్ళం కదే."

"భయమేసింది."

"నేనంటే భయమా నీకు?"

అక్క నోటుబుక్కు పక్కకి జరిపింది.

"వెళ్ళి తాతయ్యకి నువ్వే చెప్పు. నేను చెప్తే చాడీలా ఉంటుంది."

కొట్టం తలుపు తట్టాను. తాతయ్య సగం తీశాడు. దొరసాని గోడకి ఆనుకుని, మూతి నేలకి ఆన్చి పడుకుంది. అంతా చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని మధ్యలో ఆగలేదు. తాతయ్య నా మొహం చూడలేదు, నా చేతుల వంకే చూశాడు.

"అయితే మీ అక్క కొలత తప్పు కాదన్నమాట."

"కాదు తాతయ్యా."

"అనవసరంగా పిల్లని బయట నిలబెట్టాను" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. "అక్కని పిలు."

పిలిచాను. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. తాతయ్య తలుపు పూర్తిగా తెరిచి, అక్క భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకున్నాడు. "చూడమ్మా, ఇందాక రెండు గుక్కలు తాగింది" అన్నాడు. వెనకే నేనూ ఒక అడుగు వేశాను. నా చప్పుడు గుర్తుపట్టి దొరసాని చెవి కదిపింది.

"నువ్వు ఇంట్లోకి పో" అన్నాడు తాతయ్య. ఆ గొంతులో కోపం కూడా లేదు. తలుపు వేసి, లోపల్నుంచి గడియ పెట్టాడు.