ముట్టుకునే ముందు ఒక్క మాట

నేను ఒక రోగిని. అయితే నాకు ఏ రోగమూ లేదు, ఇక రాబోదు కూడా. రబ్బరు చర్మం, ప్లాస్టిక్ ఎముకలు, ఎన్నటికీ మూతపడని రెండు కళ్ళు పెట్టి, నర్సు చదువు చదివే పిల్లలకు చెయ్యి తిరగడం కోసమని ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారు చేశారు. ఆ కళ్ళు మూసుకునే వీలిచ్చి ఉంటే వాళ్ళ కడుపు చల్లగుండేది. ఈ మనుషులు చేసే పనులు చూడలేక చస్తున్నాను, చచ్చే యోగం కూడా నాకు లేదు.

తణుకులో ఒక బట్టల షాపు పైనున్న నర్సింగ్ కాలేజీకి నన్ను తెచ్చారు. తేగానే కరస్పాండెంటు సత్తిరాజుగారు నా ముందు కొబ్బరికాయ కొట్టి, నా నుదుట ఇంత కుంకుమ పులిమి, మెడలో బంతిపూల దండ వేసి ఫొటో తీయించారు. వెల్లకిలా పడుకోబెట్టి బొట్టుపెట్టి దండ వేస్తే ఎవరిలా కనిపిస్తారో మీకు తెలుసుగా, అచ్చం అలాగే ఉన్నాను. ఆ కుంకుమ మరక మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

ఆ పూట దాటగానే దండ తీసేసి, నన్ను ప్లాస్టిక్ కవరులో చుట్టి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ముట్టుకుంటే పాడైపోద్దండి. ఇన్‌స్పెక్షనోళ్ళు వచ్చినప్పుడు తీద్దాం" అన్నారు సత్తిరాజుగారు.

కొత్త సోఫా కొని, దాని కవరు తీయకుండా నేలమీద కూర్చునేవాళ్ళ తెలివి ఇది. నా ఎదుటే పిల్లలు రోగికి ఒళ్ళు తుడిచే విధానాన్ని బట్టీ పట్టేవాళ్ళు. "మొదటగా, చేయబోవు పనిని రోగికి తెలియజేయవలెను" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. ఏ రోగికి తెలియజేస్తారు? బీరువాలో గుడ్లప్పగించి చూస్తున్న నాకు మాత్రం ఎవరూ ఏదీ తెలియజేయలేదు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పే ఈ చదువును చూస్తే నాకు ఒళ్ళంతా కంపరం పుట్టేది.

అలాంటి చోటికి కెజియా మేడమ్ వచ్చింది. ఆమె ఏళ్ళ తరబడి పెద్దాసుపత్రిలో నర్సుగా చేసింది. రోగుల్ని లేపీ తిప్పీ నడుం పట్టేస్తే, కూర్చుని చేసుకునే కొలువు కదా అని పాఠాలు చెప్పడానికి చేరింది. ఈ సంగతి ఆవిడ ఫోనులో చెల్లెలితో చెబుతుంటేనే విన్నాను.

"పాఠమా నా మొహమా! నోట్సు చదివేస్తన్నాను, రాసేసుకుంటన్నారు. నడుం తగ్గేదాకా ఇక్కడ పడుంటానే."

థూ! పని రానివాళ్ళు నోట్సు చదివారంటే సరే, పాపం అనుకోవచ్చు. ఈవిడ చేతుల నిండా పనితనం పెట్టుకుని, ఆ చేతుల్ని ఒళ్ళో దాచుకు కూర్చుంది. సత్తిరాజుగారి మీద కంటే ఆవిడ మీదే నాకు ఎక్కువ రోత కలిగింది.

ఒక మధ్యాహ్నం నాగదుర్గ అనే పిల్ల ఆసుపత్రి డ్యూటీ నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. పెరవలి దగ్గరి పల్లెటూరి పిల్ల. హాస్టల్లో బట్టలు కూడా సర్దేసుకుని, సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"నేను ఇంటికెళ్ళిపోతానండి మేడమ్. నర్సు పని నావల్ల కాదండి."

సంగతి ఏమిటంటే, వార్డులో పక్షవాతం వచ్చిన ముసలాయన ఒకాయన మంచంలోనే దొడ్డికి వెళ్ళిపోయాడు. తుడవమని ఈ పిల్లకు చెప్పారు. ఆ పిల్ల దుప్పటి ఎత్తి, "అబ్బ, ఛీ!" అని చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, అక్కడే వాంతి చేసుకుంది.

"వాంతయిందని కాదండి నా ఏడుపు. ఆయన గోడవైపు మొహం తిప్పేసుకుని, 'నన్నొదిలెయ్ తల్లీ, ఇలాగే పోతాను' అన్నాడండి. మా తాతంత ఉంటాడండి."

"నీకీ పని ఎవరు నేర్పారు?" అంది కెజియా చిరాగ్గా.

"మీరేనండి. నోట్సు చెప్పారు కదండీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేదు. అందుకే కెజియా మొహం మాడిపోయింది. లేచి ఆ పిల్ల భుజాన ఉన్న సంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క వారం ఆగవే. అప్పుడూ నీవల్ల కాదంటే నేనే బస్సెక్కిస్తాను" అంది.

ఆవిడ తాళంచెవి అడిగితే సత్తిరాజుగారు లేదన్నారు. "నెలాఖర్న ఇన్‌స్పెక్షనండీ! మరక పడితే మన పరువేం గానండి?" అని నెత్తి బాదుకున్నారు. ఆయన భోజనానికి వెళ్ళగానే కెజియా గుమాస్తా చేతిలోంచి తాళంచెవి లాక్కుని బీరువా తీసింది.

ఆహా, నా రోజులు మారాయి అనుకున్నాను. మారాయి మరి! ఆవిడ శెనగపిండిలో పసుపు కలిపి, పులిసి కంపుకొట్టే పెరుగు పోసి, కుళ్ళిన కోడిగుడ్డు ఒకటి కొట్టి, ఆ ముద్దను పొద్దుటినించీ ఎండలో మగ్గబెట్టి తెచ్చి నా నడుం కింద పూసింది. ఛీ ఛీ! ఎవరైనా ముట్టుకుంటే చాలని ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నవాడికి జరిగిన మర్యాద ఇది.

నా ముక్కుకు వాసన తెలియదు. అయినా నేనెంత అసహ్యంగా ఉన్నానో చుట్టూ నిలబడ్డ పిల్లల మొహాలు చూసి తెలుసుకున్నాను. బీరువాలో అన్నాళ్ళున్నా కలగని సిగ్గు అప్పుడు కలిగింది.

"చూసుకోండే మీ మొహాలు!" అంది కెజియా. "ఆ పెద్దాయన చూసింది ఇవే. మంచంలో ఉన్నోళ్ళు మీ చేతులు చూడరు, మొహం చూస్తారు. అసహ్యం వేస్తది. నాకు ఈ రోజుకీ వేస్తది. లోపలే ఉంచుకోండి, ఆయనకి చూపించకండి."

తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "అప్పలస్వామిగారూ, నేను కెజియానండి. మిమ్మల్ని నా వైపు తిప్పుకుంటన్నాను. భయపడకండి."

నాకు పేరు పెట్టింది. నాతో మాట్లాడింది. తెలియజేయవలెను అంటే ఇదన్నమాట! ఒక చెయ్యి తన నడుముకు ఆనించుకుని, నొప్పికి పళ్ళు బిగబట్టి, నన్ను శుభ్రంగా తుడిచింది. ఇంత చేతనైన మనిషి ఇన్నాళ్ళు కుర్చీకి అతుక్కుపోయిందా అని మళ్ళీ ఒళ్ళు మండింది.

నాగదుర్గ ఆ రోజు కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మర్నాడు కళ్ళ నీళ్ళు కారుతుంటే సగం తుడిచింది. ఆ వారమంతా, సత్తిరాజుగారు భోజనానికి వెళ్ళిన వేళ చూసి, నాకు ఆ పులిసిన ముద్ద తప్పలేదు. చివరికి ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ, "నీళ్ళు వేడిగా ఉన్నాయా తాతా?" అని అడిగేదాకా వచ్చింది. కెజియా నడుం నొప్పి తగ్గలేదు కానీ, ఫోనులో చెల్లెలితో వెళ్ళిపోయే ఊసు ఎత్తడం మానేసి, పెరుగు ఎంత పులిస్తే సరిపోతుందో చెప్పసాగింది.

నాగదుర్గ మళ్ళీ ఆ ముసలాయన మంచం దగ్గరికే వెళ్ళిందనీ, మొదట వద్దన్న మనిషి తర్వాత ఆ పిల్ల ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడనీ పిల్లలు చెప్పుకున్నారు. నేను నమ్మలేదు. మనుషుల నోటి మాట నమ్మే దశ దాటిపోయాను.

ఇన్‌స్పెక్షన్ ముందు సత్తిరాజుగారు నన్ను చూసి గుండెలు బాదుకున్నారు. "నుదుట బొట్టు, ఒంటినిండా పసుపు! పెళ్ళికొడుకులా తయారుచేశారేంటండీ!" అని అరిచి, ఆదరాబాదరాగా కొత్త బొమ్మను తెప్పించారు. నన్ను మెట్ల కింద విరిగిన కుర్చీల్లో పడేయమన్నారు.

"కాళ్ళు పట్టుకుని ఈడ్చెయ్యండమ్మా, బొమ్మే కదా."

పిల్లలు కాళ్ళు పట్టుకోబోయారు. నాగదుర్గ వాళ్ళను ఆపి, నా తలవైపు వచ్చి వంగింది.

"తాతా, నేను నాగదుర్గనండి. మిమ్మల్ని కిందకి తీసుకెళ్తన్నామండి. ఒసే, నడుం కింద చెయ్యి వెయ్యండే, వేలాడిపోతన్నాడు."

సత్తిరాజుగారు పకపకా నవ్వారు. పిల్లలెవరూ నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ కెజియా కళ్ళు తుడుచుకుని, కొత్త బొమ్మ ఉన్న గదిలోకి వెళ్ళింది.

ఇప్పుడు మెట్ల కిందే ఉన్నాను. షాపుకొచ్చిన జనం ఉమ్మిన కిళ్ళీ ఒకవైపు, ఎలుకల పెంట మరొకవైపు. మనుషులంటే నాకు రోత ఏమీ తగ్గలేదు. ఆ ముసలాయన ఆ పిల్ల కోసం అడుగుతున్నాడన్న మాట మాత్రం నిజమని నమ్ముతున్నాను, నా తల కింద పెట్టిన చెయ్యే సాక్ష్యం.

నన్ను దించి వాళ్ళు పైకి వెళ్తుండగానే ప్లాస్టిక్ కవరు చర్రున చిరిగిన చప్పుడు వినిపించింది. వెంటనే సత్తిరాజుగారి గావుకేక.

పాపం, కొత్తవాడు. వాడికీ ఆ పెరుగు తప్పదు.