వెనకబడిన అంకె

ఉప్పు వాసన... ఆటు వేళ కిటికీలోంచి వచ్చే తడి రాళ్ళ వాసన.

మిట్టమధ్యాహ్నం. నీరు తగ్గిన పగడపు దిబ్బ మీద ఆడవాళ్ళు వంగి గుల్లలు ఏరుతున్నారు. వాళ్ళలో అకనేసి తల్లి లూపే కూడా ఉంది.

గట్టు మీది వాతావరణ ఆఫీసులో అకనేసి తన కోడ్ చదువుతోంది. సి భాషలో తనే రాసిన కోడ్. ఎన్నోసారో లెక్కలేదు.

దూరపు దీవి దగ్గర ఒక పరికరం నిమిషానికోసారి సముద్రం ఎత్తు కొలిచి, ఉపగ్రహం మీదుగా పంపుతుంది. ఆ అంకెను సాకెట్ దగ్గర, అంటే కంప్యూటర్లోకి బయటి సమాచారం వచ్చే ద్వారం దగ్గర, అందుకోవడమే ఈ కోడ్ పని. నీరు ఉన్నట్టుండి పడిపోయిందంటే పెద్ద అల వస్తున్నట్టు. అప్పుడు అకనేసి సైరన్ మోగించాలి.

పోయిన గురువారం మోగించింది.

నేలపొయ్యిలో సగం ఉడికిన పందిని వదిలేసి ఊరంతా గుట్టెక్కింది. అల రాలేదు. నూటపన్నెండు సెంటీమీటర్లు రావాల్సిన చోట పదకొండు వచ్చింది, అంతే.

"నీ కంప్యూటరుకీ మీ నాన్నలాగే లెక్కలు రావే," అంది లూపే అందరి ముందూ. అందరూ నవ్వారు. అకనేసి కూడా నవ్వింది. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ తప్పు ఇవాళ దొరికింది.

ఆఫీసు బల్ల మీద మూరెడు తీగతో పరీక్షించినప్పుడు అంకె ఎప్పుడూ తెగలేదు. ఉపగ్రహం మీదుగా వచ్చేది ఒక్కోసారి ముక్కలై వస్తుంది. కోడ్ ముందు అందిన ముక్కనే మొత్తం అనుకుంది. వెనకబడిన ఆఖరి 'రెండు' కోసం ఆగలేదు.

"వల మొత్తం లాక్కుండానే చేపలు లెక్కెట్టావన్నమాట," అన్నాడు ముసలి పరిశీలకుడు సెమిసి.

"అంతే బాబాయ్. ఇక పూర్తయిందన్న గుర్తు వచ్చేదాకా ఆగుతుంది."

నాలుగు వరుసలు మార్చి మళ్ళీ నడిపింది.

నూటపన్నెండు. నూటపన్నెండు. మనసు కుదుటపడింది.

తొంభై ఆరు.

అరవై నాలుగు...

పదకొండు.

"మళ్ళీ మొదలెట్టిందా అమ్మాయ్?"

"లేదు బాబాయ్... గుర్తు వచ్చింది. అంకె మొత్తం వచ్చింది."

తప్పు తనదే అయితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకుంది. కోడ్ మళ్ళీ చూసింది — ఒక్కో వరుస, వేలు పెట్టి. తప్పు లేదు. ఎక్కడా లేదు.

సైరన్ మీట నొక్కింది.

దిబ్బ మీద ఆడవాళ్ళు తలలెత్తారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లూపే నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చెయ్యి గట్టు వైపు ఊపింది — సరేలే, విన్నాంలే అన్నట్టు. మిగతావాళ్ళ భుజాలు నవ్వుతో ఊగాయి.

మళ్ళీ వంగారు.

అకనేసి పరుగెత్తింది. మెట్లు దిగి, ఇసుక దాటి, గొంతు చించుకుంటూ... సైరన్ మోతలో ఆమె కేక ఆమెకే వినబడలేదు.

నీరు వెనక్కి పోతోంది. ఎన్నడూ ఎండ తగలని రాళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వాటి నిండా గుల్లలు.

లూపే బుట్ట ఎత్తుకుంది. అటే నడుస్తోంది...