ఐదు కాళ్ళ గుర్రం

పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆయన నోట "తప్పు నాదే" అన్న మాట వినే భాగ్యం ఆమెకి కలగలేదు. దారి తప్పితే రోడ్డుది తప్పు. చేతిలో గ్లాసు జారితే గ్లాసుది. ఊరందరి చూపూ సరిచేసే కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది కాబట్టి, తన చూపుకి తిరుగులేదని నమ్మకం.

దుకాణానికి సెలవైతే మెడలో కెమెరా వేసుకుని, ఊరి చివర పాడుబడ్డ కోటకి బయల్దేరతాడు. ఇంటికొచ్చి ఆ ఫొటోలకి కంప్యూటర్లో తలంటు పోస్తాడు. నాచు పోతుంది, గీతలు పోతాయి, పగుళ్ళు పూడిపోతాయి. పాపం, ఆ కోట నిన్ననే సున్నం వేయించుకున్నట్టు తెల్లబోయి చూస్తుంది.

ఆ రోజు ఉత్తరపు గోడ ఫొటో తల్లికి చూపించాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"మరి ఐదు కాళ్ళ గుర్రం ఏదిరా?"

"గుర్రానికి నాలుగేనమ్మా."

"ఆ మాత్రం లెక్క నాకు రాదూ? చెక్కినవాడు ముందుకాలు వంకరగా చెక్కి, పక్కనే ఇంకోటి చెక్కాడు. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి గీస్తూ కూర్చునేదాన్ని."

ఆయన ఫొటోని పెద్దది చేసి చూపించాడు. నున్నటి గోడ. నవ్వినా బాగుండేది. నవ్వకుండా భార్యని వంటింట్లోకి పిలిచాడు.

"అమ్మకి మతి తప్పుతోందోయ్. రేపట్నుంచి ఒక్కతినీ లైబ్రరీకి పంపకు. డాక్టరుకి చూపిద్దాం."

మర్నాడు గేటుకి తాళం పడింది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, తిరిగివ్వాల్సిన నవల ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. మామూలుగా అయితే నవల చివర్లో ఏమవుతుందో కోడలు చదవకముందే చెప్పేసి ఆనందిస్తుంది. ఇవాళ అదీ లేదు.

"అమ్మాయ్, నిజంగానే నాకు మతి పోతోందంటావా?"

"ఊరుకోండత్తయ్యా," అంది గానీ, ఆమెకి మనసు ఊరుకోలేదు. వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. ఆయన తలంటు పోయని అసలు ఫొటోలు కూడా దాచిపెడతాడు. అసలు దాంట్లో గోడ మధ్య వెంట్రుకంత గీత ఒకటి వంపు తిరిగి ఉంది. మచ్చనుకుని ఆయన తుడిచేశాడు. గుర్రమో, ఉత్త బీటో చెప్పలేం. ఫొటో తీసింది మిట్టమధ్యాహ్నం మరి.

డిగ్రీలో చదివిన ఫిజిక్స్ ఇన్నాళ్ళూ ఫ్యూజు మార్చడానికి తప్ప అక్కరకు రాలేదు. కానీ ఇల్లు తుడిచేవాళ్ళకి తెలుసు: నిలబడి చూస్తే నేల అద్దంలా ఉంటుంది. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడ్డప్పుడు వంగి చూస్తే, ఒక్కో నలుసూ నీడతో సహా లేచి కూర్చుంటుంది.

ఆయన భోజనానికి రాగానే అమాయకంగా అంది: "ఏమండీ, మీ ఫొటోలో గోడ వంకరగా వచ్చినట్టుందండీ."

"గోడే వంకర!"

"అయితే సాయంత్రం మళ్ళీ తీయండి, చూద్దాం. అత్తయ్యగారికీ కాస్త గాలి తగులుతుంది."

సాయంత్రం ముగ్గురూ గోడ ముందు నిలబడ్డారు. ఏమీ లేదు. ఆయన "చూశావా?" అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె పొద్దు వైపు చూసింది. పొద్దు ఇంకొంచెం వాలింది. ఎండ గోడని ఒరుసుకుంటూ పాకింది. ముందు జూలు తేలింది, తర్వాత వీపు. గీతల్లో నీడ నిండుతుంటే కాళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అత్తగారు తిన్నగా వెళ్ళి, తడుముకోకుండా, వంకర కాలి మీద వేలు పెట్టింది.

ఆయన కెమెరా ఎత్తి ఫొటోలు తీశాడు.

ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు ఆమె కూర్చుంది. ఏదీ తుడవలేదు. రంగు తీసేసి, నీడల్ని కాస్త చిక్కబరిచింది. గుర్రం గోడలోంచి దూకేలా ఉంది.

"అద్భుతం!" అన్నాడాయన. చెయ్యి ఊరుకోదు కదా, మౌస్ అందుకున్నాడు. "ఆ వంకర కాలు ఒక్కటీ చెరిపేస్తే..."

"చెక్కినవాడే చెరుపుకోలేదండీ," అందామె.

మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. లేచి జేబులోంచి గేటు తాళంచెవి తీసి, వరండాలోకి వెళ్ళి తల్లి ఒళ్ళోని నవల మీద పెట్టాడు.

"ఏమిట్రా?"

గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. తలుపు పక్కన ఆమె చెవులు రిక్కించింది.

"ఐదేనమ్మా. తప్పు... గోడది కాదు. నాదే."