తొమ్మిదో విండో పేరు

రాజపాళయం నూలు మిల్లు కంప్యూటర్ గదిలో దర్శిని ముందు ఎప్పుడూ ఎనిమిది టెర్మినల్ విండోలు తెరిచి ఉంటాయి, మిషన్‌కు ఒకటి చొప్పున. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా నల్లగా ఉంటాయి. మొన్న ఆరో మిషన్ ఆపబోయి ఐదోదాన్ని ఆపేసింది. షెడ్డంతా ఒకటే గోల. ఆ రోషంతోనే షెల్ స్క్రిప్టు రాసింది: నంబరు కొడితే చాలు, ఆ విండో ముందుకొచ్చి నిలబడుతుంది.

సూపర్‌వైజరు పాండురంగన్ తలుపు తోసుకుని వచ్చాడు. "చిన్నమ్మాళ్ దారం తెంపుతా ఉండాది, చూడుమ్మా!"

"నంబరు చెప్పండి మామా."

"నంబరు ఎవడికి తెలుసు? మొదట నడిపినోళ్ళ పేరే మిషన్‌కు పేరు. చిన్నమ్మాళ్ రిటైరయ్యి పదేండ్లాయె. మిషన్ ఇంకా ఆమె పేరే."

దర్శిని మూతి ముడుచుకుంది. అయినా షెడ్డు వరసలో ఏ మిషన్ ఎవరి పేరో ఆయన్నే అడిగి, చేతిలో టీ చల్లారేలోపు స్క్రిప్టులోంచి అంకెలన్నీ పీకేసి పేర్లు ఎక్కించింది. చిన్నమ్మాళ్ అని కొట్టగానే ఆ విండో ఠక్కున పైకొచ్చింది. పాండురంగన్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

సోమవారం కొత్త మిషన్ దిగింది. దాన్ని షెడ్డులో ఎవరూ ముట్టుకోలేదు. దర్శినే తన బల్ల దగ్గర నుంచి స్టార్ట్ కొట్టింది. తొమ్మిదో విండోకు ఏ పేరు పెట్టాలో తోచక మధ్యాహ్నం షెడ్డుకు ఫోన్ చేసింది.

"అదేం అడిగేదమ్మా?" పాండురంగన్ నవ్వాడు. "పొద్దున్నుంచీ ఇక్కడ అందరూ అదే చెప్పుకుంటా ఉండారు, దర్శిని బాగా నడస్తా ఉండాదని."