కింది వరస బస్తా

చీర పీలికను గుండ్రంగా చుట్టిన చుట్టబట్టను నెత్తిన సర్దుకుని, దుర్గాబాయి ఛాతీ ఎత్తున్న బస్తాల వరస ముందు కాస్త వంగింది. పై బస్తాను రెండు చేతులతో తల మీదికి లాక్కుని నిటారుగా లేచింది. యాభై కిలోల కోళ్ల దాణా. గోదాము వాకిట్లో లారీ ఆగి ఉంది.

మేడ్చల్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మెడ గట్టిది, నడుము గట్టిది, చేతులే చాలవు. నేల మీది బస్తాను తోటి హమాలీ బాలేష్ ఒక్కడే ఎత్తి భుజాన వేసుకుంటాడు. ఆమెకైతే ఇంకొకరు చెయ్యి వేయాలి. ఇన్నాళ్లూ తనతో బస్తాలు మోసిన సత్తమ్మ వేసేది. సత్తమ్మను పోయిన నెల తీసేశారు. అప్పటినుంచి బాలేషే సాయం.

"ఒక్క బస్తకు ఇద్దరేంది? సొంతంగ ఎత్తెటోళ్లే రేపట్నుంచి రాండ్రి," అన్నాడు పొద్దున సూపర్‌వైజర్ దేవేందర్. ఆయన ఏనాడూ బస్తా ఎత్తిన పాపాన పోలేదు.

మధ్యాహ్నానికి వరస నడుము దాకా దిగింది. యాభై దాటిన ఆడదాన్ని ఇంకే గోదాములోనూ పెట్టుకోరు. దిగిపోతున్న వరసను చూస్తే ఆమెకు భయం వేసింది, అన్నం సయించలేదు. మూడింటికి వరస మోకాలి దాకా వచ్చింది. బస్తాను తొడ మీదికి దొర్లించుకుని తలకెత్తుకోసాగింది.

చివరికి నేల మీద ఒక్కటి మిగిలింది. బాలేష్ వంగాడు.

"పట్టనా అక్కా?"

"చెయ్యెయ్యకు తమ్మీ. సారు సూస్తుండు."

మొదటిసారి తొడ దాకా వచ్చి జారిపోయింది. రెండోసారి గుండెలకు అదుముకుని, పళ్లు బిగించి పైకి తోసింది. బస్తా తలకెక్కింది. లారీ దాకా ఎప్పటిలాగే నడిచి దించింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది. చుట్టబట్ట తీసి పక్కన పెట్టి, చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"ఎత్తింది గదా, రేపు రమ్మను," అన్నాడు దేవేందర్.

బాలేష్ సంబరంగా పరుగెత్తాడు. "అక్కా, రేపు రమ్మన్నడు! అక్కా..."

భుజం తట్టాడు. ఆమె మెడ పక్కకు వాలిపోయింది.

ఆమెను ఆటోలోకి ఎత్తడానికి నలుగురు వచ్చారు. దేవేందర్ కూడా చెయ్యి వేశాడు.

చక్రం పక్కన చుట్టబట్ట ఇంకా గుండ్రంగానే ఉంది, చెమటకు తడిసి, మధ్యలో ఆమె తలంత గుంటతో.