రంపపు పొట్టు వేడి

సాంసన్ ఉత్త తొందర మనిషి. వాన వెలిసిన పొద్దున, ధరూర్‌లో తమ మిరపనారు పందిరి వెనక రంపపు పొట్టు కుప్ప పొగలు కక్కడం చూశాడో లేదో, నీళ్ల బిందె ఎత్తుకుని ఉరికాడు.

"ఓ వసంతా! కుప్పకు అగ్గంటుకున్నది!"

"ఆగయ్యా! నీళ్లు గుమ్మరిస్తే అంతా ఖరాబైతది!" అతని భార్య వసంత బిందెకు అడ్డం పడింది.

పడదా మరి! ఆమె ఆశంతా ఆ కుప్పలోనే ఉంది. కిందటిసారి కొబ్బరి పొట్టు దొరకక, గద్వాలలో మునవ్వర్ కోతమిల్లు నుంచి పచ్చి రంపపు పొట్టు తెచ్చి ట్రేలు నింపింది. నారంతా పాలిపోయి చచ్చింది. ఈసారీ నారు పోతే మళ్లీ బొంబాయి వెళ్లి ఇటుకలు మోద్దామని సాంసన్ తేల్చేశాడు, మేస్త్రీకి మాట కూడా ఇచ్చాడు. అక్కడి రేకుల గుడిసెకు మళ్లీ పోవడం వసంతకు బొత్తిగా ఇష్టం లేదు.

అయితే ఆ మిల్లు వెనక, ఏళ్లుగా వానకు నానిన పాత పొట్టులో ఎవరూ నాటని టమాట మొక్క ఒకటి నిగనిగలాడటం ఆమె కంటపడింది. పొట్టు ముందు తాను మాగాలి, లేకుంటే నారుకు వేసిన ఎరువంతా అదే మింగేస్తుందని అప్పుడు తట్టింది. అందుకే ఈసారి పేడనీళ్లు, కాస్త యూరియా కలిపి కుప్పపోసి, తడి ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ వచ్చింది.

"చెయ్యి పెట్టి సూడు."

సాంసన్ మణికట్టుదాకా దూర్చి చటుక్కున లాక్కున్నాడు. అమ్మో, ఉడుకుడుకు అన్నంలో పెట్టినట్టుంది!

"అగ్గి లేదు, ఏం లేదు! ఎండిన కట్టెకు గింత ఉడుకు యాడికెల్లి వచ్చిందే?"

"కట్టె సచ్చింది గానీ, దాన్ల కంటికి కనపడని పానాలేవో పని చేస్తున్నయ్," అంది వసంత.

కుప్ప చల్లారి, నల్లబడి, తొలకరి మట్టి వాసన వేశాకే ట్రేలు నింపి విత్తనం పెట్టింది. మొలిచింది మొదలు, లేవగానే ఆకుల రంగే చూసుకునేది. పచ్చదనం చెక్కుచెదరలేదు.

నారు నాటుకు అందే వేళకు ఒక మొక్కను మెల్లగా పైకి తీసింది. రంపం కోసి పారేసిన చెట్టుపొడిని తెల్లటి వేళ్లు గట్టిగా పట్టుకుని పైకొచ్చాయి. రవ్వంత కూడా రాలలేదు. సాంసన్ దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని, వేళ్లను తిప్పి తిప్పి చూశాడు.

అతని జేబులో ఫోన్ మోగింది.

"మేస్త్రీనే కావచ్చు, ఎత్తు," అంది వసంత.

అతను మొక్క మీంచి చూపు తిప్పలేదు.

"నా చేతులు ఖాళీ లేవు. జర నువ్వే చెప్పు, మేం రామని."